గీత పడ్డచోట ఆగిన అడుగు

మా వీధి చివర సెల్‌ఫోన్ రిపేరు కొట్టు పెట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు మొన్న మా ఇంటికొచ్చారు. రిపేరు పనిలో ఇంతకాలం ఎట్లా నెట్టుకొచ్చావు పెద్దమ్మా, మాకూ నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నోటితో చెబుతుంటే మధ్యలో వాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. చెప్పినదంతా గాలికి పోయింది. అందుకని రాసి ఇస్తున్నాను. చదువుకుంటారో, బజ్జీల పొట్లం కడతారో వాళ్ళ ఇష్టం.

నా పేరు మస్తాన్‌బీ. నరసరావుపేటలో సీడీల మస్తానమ్మ అంటే మా పేటలో అందరికీ తెలుసు. గీతలు పడ్డ సీడీలు, డీవీడీలు బాగుచేయడం నా పని. కొట్టు లేదు, బోర్డు లేదు. వంటింటి పక్క వసారాలో ఒక బల్ల, పాత ప్లేయరు, చిన్న టీవీ, మెత్తబడ్డ నూలు గుడ్డలు. అంతే నా సరంజామా. ఇప్పుడు సీడీలు పోయాయి, వాటితోపాటు నా పనీ పోయింది. శాలువా కప్పి, దండ వేసి ఎవరూ నన్ను సాగనంపలేదు. వచ్చేవాళ్ళు రావడం మానేశారు, నేను బల్ల మీద గుడ్డ కప్పేశాను.

మిషను

నాకు బాసు మా ఆయనే. కరీముల్లాకి బస్టాండు దగ్గర సినిమా సీడీలు అద్దెకిచ్చే కొట్టుండేది. పొద్దున తీసుకెళ్ళిన సీడీ సాయంత్రానికి పప్పుచారు మరకలతో తిరిగొచ్చేది. గీతలు మీరే వేశారని ఈయన, గీతలదే ఇచ్చావని వాళ్ళు, రోజూ పంచాయితీ. చివరికి ఆడని సీడీలన్నీ సంచిలో వేసుకొచ్చి ఇంట్లో ఒక మూల పడేసేవాడు. ఒకరోజు గిన్నెలు తోముతూ, ఉబుసుపోక ఒక సీడీని కూడా సబ్బునీళ్ళలో ముంచి తీశాను. అది ఆడింది. మర్నాటి నుంచి ఆ సంచీ నేరుగా నా ముందుకే వచ్చేది.

మరకలు కడిగితే పోయేవి. గీతలకు తెల్లటి పళ్ళ పేస్టు పనికొస్తుందని చేస్తూ చేస్తూ తెలుసుకున్నాను. ఈలోపు ఆయన కొట్టులో ఏమని చెప్పుకున్నాడో తెలుసా? గీతలు తీసే మిషను మా ఇంట్లో ఉంది, చానా ఖరీదైంది, బయటికి తీయకూడదు అని. ఆ మిషను వసారాలో కూర్చుని కూర తరుగుతూ, మధ్యలో సీడీలు రుద్దుతూ ఉండేది. నాకు ఒళ్ళు మండింది. మండిందని ఆయనతో అన్నాను కూడా. అప్పటి నుంచి బాగుచేసేది మా ఇంటావిడేనని చెప్పక తప్పలేదు ఆయనకి, మనుషులు నేరుగా నా దగ్గరికే రావడం మొదలుపెట్టారు.

బాసుగా ఆయన మెచ్చుకోలు విషయంలో మహా పిసినారి. కానీ ఒక మంచి అలవాటు నేర్పాడు. బాగుచేసిన సీడీని మొదటి పాట దాకా ఆడించి ఇచ్చేయకూడదు, చివరి పేర్లు పడేదాకా కూర్చుని చూడాలి. గీత ఎక్కడ కాచుకుని ఉంటుందో ముందు తెలియదు. మీరు కూడా ఫోను వెలిగింది కదా అని చేతిలో పెట్టి పంపకండి. మాట్లాడి చూడండి, పాట పెట్టి చూడండి, ఛార్జింగు ఎక్కించి చూడండి. ఇది రాస్తుంటే ఆయన పక్కన కూర్చుని మిషను సంగతి తీసెయ్యమంటున్నాడు. తీయను.

చింతపండు

సీడీని గుండ్రంగా తుడవకూడదు. చేతికి గిన్నెలు తోమిన అలవాటు కాబట్టి గుండ్రంగానే పోతుంది. సీడీలో బొమ్మా పాటా చుట్టలు చుట్టలుగా రాసి ఉంటాయి. ఆ చుట్ట వెంబడే గీత పడితే ప్లేయరు దారి తప్పుతుంది. అడ్డంగా పడిన గీతనైతే దాటుకుని పోతుంది. అందుకని మధ్య చిల్లు దగ్గర మొదలుపెట్టి అంచు దాకా తిన్నగా తుడవాలి. ఇది నాకెవరూ చెప్పలేదు. మా ఆయన కొట్టులోని సీడీలే నాకు చెప్పాయి, ఆయనకి తెలియకుండా.

ఇంకో సంగతి. అందరూ మెరిసే వైపునే కాపాడుకుంటారు. సీడీకి అసలు ప్రాణం పేరు రాసి ఉండే పైవైపు ఉంటుంది. ఆ వైపు వెండిపూత లేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. నేను ఏ సీడీనైనా ముందు బల్బుకి ఎదురుగా పట్టుకుని చూసేదాన్ని. చుక్కల్లాగా వెలుతురు కనబడితే రుద్దడం దండగ.

గురజాల వైపు నుంచి ఒకావిడ పెళ్ళి సీడీ తెచ్చింది. కొడుకు పెళ్ళిది. దాన్ని దేవుడి అరలో ఇత్తడి దీపాల పక్కన పెట్టుకుంది. శుక్రవారం దీపాలకి చింతపండూ బూడిదా పెట్టి తోమినప్పుడల్లా సీడీనీ తోమింది. రెండు వైపులా తోమి, బొట్టు కూడా పెట్టింది. బల్బుకి పట్టుకుంటే జల్లెడే. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, ఎవరమ్మా దీన్ని చింతపండుతో తోమమంది అన్నాను. ఆమె నవ్వలేదు. "మంచిగా చూసుకున్నాననుకున్నానమ్మా" అంది. ఆ ఒక్క మాటకి నా నవ్వు ఆగింది. అశ్రద్ధగా పాడుచేసినవాళ్ళని తిట్టొచ్చు. ప్రేమతో పాడుచేసినవాళ్ళని ఏమంటాం? ఇకమీదట ఏ సీడీ వచ్చినా, దీన్ని ఎట్లా వాడుకుంటున్నారని ముందు అడగాలనుకున్నాను. అనుకున్నానే కానీ, అసలు అడగాల్సినప్పుడు అడగలేదు. ఆ కథే ఇప్పుడు చెబుతాను.

కోటమ్మ

మిరపకోతలు అయిపోవస్తున్న రోజుల్లో ఈపూరు దగ్గరి పల్లె నుంచి కోటమ్మ వచ్చింది. మిరపకోతలకు పోయే మనిషి. వేళ్ళు ఇంకా మండుతున్నాయేమో, నేనిచ్చిన మంచినీళ్ళ గ్లాసుని చీరకొంగుతో పట్టుకుని తాగింది. తర్వాత సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన సీడీ తీసింది. దాని మీద గ్లాసు అడుగుల గుండ్రటి మరకలు, మందు కారిన జిగట. కింద లెక్కలేనన్ని గీతలు.

వాళ్ళ ఊళ్ళో అంజయ్య గురువుగారు జీవితమంతా చెక్కభజన నేర్పాడు. చేతుల్లో గజ్జెల చెక్కలు, నోట పాట, వరసగా నిలబడి అడుగు. ఇప్పటి మగపిల్లలకి అది నామోషీ అయింది. నేర్చుకునేవాడు లేక గురువుగారు అరుగు మీద ఖాళీగా కూర్చుంటే, కోటమ్మ తన కూలీ జట్టు ఆడవాళ్ళని వెంటేసుకెళ్ళి మాకు నేర్పమని అడిగింది. ఆడోళ్ళకి చెక్కలేందని ఊళ్ళో మగవాళ్ళు ఎకసెక్కాలాడారు. గురువుగారు మాత్రం, పట్టుకుంది ఆడదో మగాడో చెక్కకేం తెలుసు అన్నాడట. నేర్పడం మొదలుపెట్టాడు. సగంలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది.

మిగతా సగం సీడీ నేర్పింది. గురువుగారి పాత జట్టు ఎప్పుడో తిరునాళ్ళలో ఆడినప్పుడు ఎవరో వీడియో తీసి ఇచ్చిన సీడీ అది. కోటమ్మ దానికి ఒక కాపీ చేయించింది. కోతల నుంచి వచ్చాక సాయంత్రాలు అందరూ చూస్తూ నేర్చుకున్నారు. మూడేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళలో ఆడుతున్నారు. ఎకసెక్కమాడిన మగవాళ్ళే ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటున్నారు. ఈమధ్య ఎవరిదో కాలు పడి ఆ కాపీ రెండు ముక్కలైంది. అసలు సీడీ గురువుగారి ఇంట్లో, ఆయన మందుల గ్లాసు కింద దొరికింది.

జబ్బు చేశాక గురువుగారు ఇల్లు కదలలేదు. వీళ్ళ ఆట ఒక్కసారీ చూడలేదు. ఈ శ్రీరామనవమికి ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి రామాలయం ముందు కూర్చోబెట్టి ఆడాలని కోటమ్మ పట్టుదల. అంతకుముందు ఒకసారి సీడీ చూసి తప్పులు దిద్దుకోవాలి.

"ఆయన నేర్పిందాంట్లో ఒక్క అడుగు కూడా పోలేదని ఆయన కళ్ళతో చూడాలక్కా," అంది. "మాట పోయినోడికి అదన్నా ఉండాలిగా."

బల్బుకి పట్టుకుని చూశాను. ఎక్కడా చుక్క లేదు. పైవైపు పూత గట్టిగా ఉంది. కింద చిన్న గీతలతో పాటు, చుట్ట వెంబడే వంపు తిరిగిన పాత గీత ఒకటి లోతుగా ఉంది. అవుతుందని చెప్పాను. ఇంత పాత గీత ఉన్న సీడీ నుంచి తీసిన కాపీ చూసి ఎట్లా నేర్చుకున్నారని మాత్రం అడగలేదు.

కడిగాను, ఆరబెట్టాను. పేస్టు రాసి, చిల్లు దగ్గర నుంచి అంచుకి, మళ్ళీ చిల్లు దగ్గర నుంచి అంచుకి రుద్దాను. ఏటవాలుగా వెలుతురులో చూడడం, మళ్ళీ రుద్దడం. ఆ వంపు గీత నా ఓపికని పరీక్షించింది. పోయేసరికి నా భుజం నా మాట వినడం మానేసింది. అంత శుభ్రంగా వచ్చిన సీడీ నా చేతుల్లో అంతకుముందు లేదు.

గీత పోయాక

చూడడానికి కోటమ్మ, తన జట్టులో పాట పాడే సుబ్బులు వచ్చారు. టీవీలో నల్లటి జుట్టుతో అంజయ్య గురువుగారు వచ్చి, కుడిచెయ్యి పైకెత్తి చెక్క మోగించాడు. లేచిన ఆ చేతిని చూసి కోటమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఇద్దరి కాళ్ళూ వాళ్ళకి తెలియకుండానే నా వసారాలో అడుగులు వేయడం మొదలుపెట్టాయి. గురువుగారి అడుగుకి వీళ్ళ అడుగు సరిగ్గా పడుతోంది. నాకు చానా సంతోషమైంది.

పల్లవి చివర ఒకచోట ఇద్దరి కాళ్ళూ గాల్లో ఆగిపోయాయి. టీవీలో గురువుగారి కాలు ఆగలేదు. ధన్ ధన్ అని నేలని రెండుసార్లు తన్ని, అటువైపు తిరిగి ముందుకు సాగిపోయాడు.

వెనక్కి తిప్పమంది కోటమ్మ. తిప్పాను. మళ్ళీ తిప్పమంది. ఎన్నిసార్లు తిప్పినా గురువుగారు తన్నుతూనే ఉన్నాడు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆ వంపు గీత ఉన్న సీడీ నుంచే, కోటమ్మ కాపీ చేయించిన కొట్టువాడు కాపీ తీశాడు. అక్కడికి వచ్చేసరికి బొమ్మ ఆగింది, పాట ఆగింది, కాలు గాల్లో ఉండిపోయింది. తర్వాత ఒక్కసారిగా గురువుగారు అటు తిరిగి కనిపించాడు. బొమ్మ చెదరలేదు, గరగర లేదు. కాపీలో అంతా శుభ్రంగా ఉంది. చెక్కభజనలో ఆపులు ఉండనే ఉంటాయి కాబట్టి, ఇదీ గురువుగారు పెట్టిన ఆపే అనుకున్నారు. వీడియోలో పల్లవి ఒక్కసారే ఉంది. వీళ్ళు మాత్రం పల్లవి వచ్చినప్పుడల్లా అక్కడ డోలక్ ఆపి, పాట ఆపి, అందరూ ఒంటికాలి మీద నిలబడి ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా తిరిగేవాళ్ళు. ఏ ఊళ్ళో ఆడినా జనం చప్పట్లు కొట్టేది అక్కడేనట. దానికి అంజయ్య ఆపు అని పేరు కూడా వచ్చిందట.

"మూడేళ్ళు గీతని ఆడామా అక్కా మేము?" అంది కోటమ్మ.

బాగుచేసిన సీడీని ముందు పెట్టుకుని, ఎందుకు బాగుచేశానా అని నేను బాధపడింది అదొక్కసారే.

గురువుగారికి చెప్పొద్దు, జబ్బు మనిషికి ఏం గుర్తుంటుంది, ఎప్పటిలాగే ఆడేద్దామని సుబ్బులు అంది. కోటమ్మ ఒప్పుకోలేదు.

"ఆయనకి మాట పోయిందే. మతి పోలా," అంది.

నన్నెవరూ సలహా అడగలేదు. అయినా ఇచ్చాను. అసలు అసలే, నకలు నకలే, సీడీలో ఉన్నట్టు ఆడండి అని తీర్మానం చేసేశాను. రుద్ది రుద్ది నొప్పెట్టిన భుజం అట్లాగే మాట్లాడుతుంది. సీడీ తీసుకుని వెళ్ళిపోయారు. నవమి దాకా మిరపకల్లంలో సాయంత్రాలు ఆ రెండు తన్నులు నేర్చుకున్నారని తర్వాత విన్నాను.

రామాలయం ముందు

కోటమ్మ కబురు పంపితే మా ఆయనా నేనూ బస్సెక్కి వెళ్ళాం. ఎండ తగ్గింది. పందిట్లో పానకం ఇచ్చారు. గురువుగారిని ఆటోలోంచి దించి, ప్లాస్టిక్ కుర్చీలో ముందు కూర్చోబెట్టారు. టీవీలో చూసిన మనిషేనా అనిపించింది. కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. నోరు ఒకపక్కకి లాగేసింది. ఎడమచేతిలో ఊతకర్ర.

ఆట మొదలైంది. కూలి పనికి పోయే ఆడవాళ్ళు ఒకే రంగు చీరలు కట్టి, కొంగులు దోపి, చెక్కలు మోగిస్తుంటే ఒళ్ళు ఝల్లుమంది. గురువుగారు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. పల్లవి చివరికి వచ్చింది.

కోటమ్మ తన్నింది, సీడీలో ఉన్నట్టే. ఆమె పక్కన ఇద్దరు తన్నబోయి తడబడ్డారు. మిగతావాళ్ళ కాళ్ళు మూడేళ్ళ అలవాటు కొద్దీ గాల్లో ఆగిపోయాయి. సుబ్బులు నోరు దానంతటదే మూతపడింది. డోలక్ మీద చెయ్యి నిలిచిపోయింది. వరస మధ్యలో కోటమ్మ ఒక్కతే అటు తిరిగి, వెనక ఎవరూ రాలేదని తెలిసి, అట్లాగే నిలబడిపోయింది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా సలహా వల్లే కదా అని నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల పరువు తీశానే అనుకున్నాను.

అప్పుడు నేల మీద కర్ర మోగింది. ధన్ ధన్. గురువుగారు ఎడమచేత్తో ఊతకర్ర ఎత్తి రెండుసార్లు పొడిచాడు. టీవీలో ఆయన కాలు తన్నిన ఆ రెండు తన్నులే, అదే లెక్కలో. రెండో దెబ్బకి జట్టంతా ఒక్కటిగా తిరిగింది. సుబ్బులు పాట అందుకుంది.

పల్లవి మళ్ళీ వచ్చింది. ఈసారి కోటమ్మ తన్నలేదు. కాలు గాల్లో నిలిపి గురువుగారి వైపు చూసింది. జట్టంతా నిలిచింది. పాట ఆగింది, డోలక్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ముసలాయన కర్ర ఎత్తి రెండు దెబ్బలు వేశాడు. మళ్ళీ తిరిగారు. ఇంకోసారి పల్లవి వచ్చేసరికి ఆయన ముందే కర్ర ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. నోరు వంకరగా ఉంది కాబట్టి నవ్వు కూడా వంకరగానే వచ్చింది. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. మా ఆయన పక్కకి తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు, చెమట అన్నాడు.

ఆట అయ్యాక కోటమ్మ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. అందరూ వింటుండగానే చెప్పింది.

"గురువుగారూ, ఆడ ఆగడం మీరు నేర్పింది కాదు. సీడీ మీద గీత పడి ఆగింది, మేం తెలీక నేర్చుకున్నాం. మీరు తన్నమంటే తన్నుతాం. ఇదుంచమంటే ఉంచుతాం."

ఆయన కర్రతో నేల మీద రెండు దెబ్బలు వేశాడు. కర్రని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో తన రొమ్ము తట్టుకున్నాడు. జట్టు ఆగాలి, ఆ రెండు దెబ్బలు తను వేస్తాడని అందరికీ అర్థమైంది.

నా దగ్గరున్న సీడీ

పిల్లలూ, మీ దగ్గరికి పగిలిన ఫోన్లు వస్తాయి. పగులు మార్చడం మీకు వచ్చు, నాకంటే బాగానే వచ్చు. మార్చేముందు దాన్ని ఎట్లా వాడుకుంటున్నారని ఒక్కమాట అడగండి. పాడైనదాన్ని పట్టుకుని కూడా మనుషులు ఏదో ఒకటి కట్టుకుంటారు. అది చూడకుండా చెయ్యి పెట్టొద్దు. నేను పెట్టాను, ఆ ముసలాయన పుణ్యాన గట్టెక్కాను.

నవమి అయిన వారానికి కోటమ్మ మా ఇంటికొచ్చి ఆ సీడీ నా బల్ల మీద పెట్టింది. మళ్ళీ ఏమైనా గీత పడిందా అన్నాను. లేదంది. గురువుగారి ఇంట్లో అడిగే వచ్చానని, దీన్ని నా దగ్గరే ఉంచమని చెప్పింది. ఇంత కష్టపడి బాగుచేసింది నా దగ్గరెందుకే అని అడిగాను.

"మా దగ్గరుంటే కొత్తగా వచ్చే పిల్లలు చూస్తారక్కా," అంది. "చూసి, సరిగ్గా నేర్చుకుంటారు."